పెదవులు కనబడే సినిమాలు

మా ఆయనకు సినిమా పేర్లు గుర్తుండేవి కావు. ఒక సినిమాను ఇంకో సినిమాతో ముడివేసి చెప్పేవాడు. "తాగుబోతు అన్న ఉండె గదా, గాయ్ననే పోస్ట్‌మన్ వేషమేసిండు సూడు, ఆ సినిమా" అనేవాడు. వేరేవాళ్ళకు అర్థమయ్యేది కాదు గాని నాకు వెంటనే తెలిసిపోయేది. మేమిద్దరం కలిసి చూసిన సినిమాలు తక్కువ. అందుకే ఒక్కటీ మరిచిపోలేదు.

పెళ్ళయ్యేదాకా నేను సినిమా చూడలేదు. మావాళ్ళు తెలుగు నేల విడిచి ఠాణా పట్నం పక్కకు బతకవచ్చినవాళ్ళు. మా నాయిన కామత్‌ఘర్‌లోని ఒక కారఖానాలో సాంచెలు నడిపేవాడు. సాంచె అంటే కరెంటుతో నడిచే మగ్గం. ఆదివారం చర్చి సంఘంలో ప్రార్థన చేసేది కూడా ఆయనే. సినిమా మన ఇంటికి పనికిరాదని ఒక్కసారే చెప్పాడు, మేమెవరమూ మళ్ళీ అడగలేదు. మున్సిపాలిటీ తెలుగు బడిలో తోటి పిల్లలు చెప్పుకునే కథలు పక్కన కూర్చుని వినేదాన్ని. పదో తరగతి అయ్యాక బడి మానేసి కండెలు చుట్టే పనికి పోయాను. రెండు సందుల అవతల ఉన్న సంబంధమే కుదిరింది. వాళ్ళూ మా సంఘం వాళ్ళే.

పెళ్ళి మాటలప్పుడు ఆయన చెవుల సంగతి ఎవరూ ఎత్తలేదు. దాచారని అనను. సాంచెల మధ్య పనిచేసేవాళ్ళలో చాలామందికి వినికిడి పోతుంది, దాన్నొక లోపంగా ఎవరూ చూడరు. ఆయన మీసాలు రాకముందే కారఖానాలో చేరాడు. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు ఆయన గడపలో కూర్చుని ఉంటే అన్నానికి రమ్మని వెనక నుంచి పిలిచాను. పలకలేదు. మళ్ళీ పిలిచాను. కోపమొచ్చిందేమో, నేనేం తప్పు చేశానో అని భయపడ్డాను. మా అత్తమ్మ బియ్యం చెరుగుతూ అంతా చూసి, "వాని మొకానికి ఎదురంగ పోయి చెప్పు పిల్లా. మూతి కనవడితె వింటడు" అంది.

ఎదురుగా వెళ్ళి మామూలు గొంతుతో చెప్పాను. వెంటనే లేచి వచ్చాడు.

కారఖానాలో గొంతుతో పని లేదు. ఆ చప్పుడులో పక్కవాడి చెవిలో అరిచినా వినబడదు. అందరూ పెదవులతోనూ చేతులతోనూ మాట్లాడుకుంటారు. ఆయన ఆ మాటలో ఆరితేరినవాడు. సందు ఈ చివర నిలబడి ఆ చివర మాట్లాడుకునేవాళ్ళ సంగతులు కూడా చూసి చెప్పేవాడు. మొదట్లో నాకది వింతగా, సరదాగా ఉండేది.

శుక్రవారం సాంచెలకు సెలవు. ఆ రోజు పొద్దుటి ఆట ఊళ్ళో ఒక టాకీసులో తెలుగు సినిమా వేసేవారు. పెళ్ళయిన నెలకు నన్ను తీసుకుపోయాడు. మా నాయినకు తెలుస్తుందేమోనని కొంగు ముఖం మీదికి లాక్కుని కూర్చున్నాను. లోపలంతా మావాళ్ళే. రాత్రిపాలి దిగి నిద్రలేని కళ్ళతో వచ్చినవాళ్ళు, బట్టల మీద దూది నూగుతో అట్లాగే వచ్చినవాళ్ళు. సినిమా మొదలయ్యాక నేను తెరనే చూస్తూ ఆయనను మరిచిపోయాను. కాసేపటికి మోచేత్తో పొడిచాడు.

"ఆమె ఏమంటున్నది?"

తెర మీద కథానాయిక కథానాయకుడి చెయ్యి పట్టుకుని ఏడుస్తోంది. నిన్ను విడిచి ఉండలేనంటోందని చెప్పాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "కాదు. ఏక్, దో, తీన్, చార్ అంటున్నది."

నేను మళ్ళీ చూశాను. నాకేమీ తెలియలేదు. ఆయనకు మాత్రం ఆ అమ్మాయి పెదవులు అంకెలు లెక్కపెడుతున్నట్టే కనబడ్డాయి. ఎక్కడి నుంచో వచ్చిన పిల్ల, తెలుగు రాదు, కెమెరా ముందు నోరు ఆడిస్తే ఇంకెవరో గొంతు పెట్టారు. చెవులున్నవాళ్ళు గొంతు విని ఏడుస్తున్నారు. ఆయనకు ఆ గొంతు అందదు. సినిమా అంతా ఆయనకు అట్లాగే ముక్కలు ముక్కలుగా తెలిసేది. అందరూ నవ్వాక నవ్వేవాడు.

ఆ సినిమాలో కథానాయిక అన్నగా ఒక సన్నటి మనిషి వేశాడు. తాగుబోతు వేషం. నాలుగైదు చోట్ల కనబడి పోతాడు. వాల్‌పోస్టరు మీద ఆయన బొమ్మ ఉండదు. నాటకాల్లో నలిగి వచ్చిన మనిషి అయి ఉంటాడు, ఒక్కొక్క అక్షరం పెదవుల మీద పూర్తిగా పలికేవాడు. ఆయన కనబడినప్పుడల్లా మా ఆయన ముందుకు వంగేవాడు, నన్నేమీ అడిగేవాడు కాదు. తిరిగి వస్తూ షేర్ ఆటోలో నా ముఖంలోకి చూసి, "ఆ తాగుబోతాయ్న మాట నాకు మొత్తం వినవడ్డది" అన్నాడు. ఆయన సంతోషపడ్డప్పుడు గొంతు మరీ పెద్దదయ్యేది. ఆటోలో వాళ్ళంతా మా వైపు తిరిగారు.

తరువాత నేను కడుపుతో ఉన్నప్పుడు సీడీలు అద్దెకిచ్చే కొట్టుకు పోయి ఆ మనిషి ఉన్న సినిమా కావాలని అడిగాడు. పేరు తెలియదు. సన్నగా ఉంటాడని, తాగుబోతని చెప్పాడు. కొట్టతను విసుక్కుంటే నన్ను వెంటబెట్టుకుని మళ్ళీ పోయాడు. నేను అడిగి, ముందు చూసిన సినిమా కథ చెప్పి, వెతికించి, టీవీ, ప్లేయరుతో సహా అద్దెకు తెచ్చాను. అందులో ఆ నటుడు పోస్ట్‌మన్. ఆయన భార్యగా పొట్టిగా లావుగా ఉన్న ఒకామె వేసింది. ఆమె మాట కూడా మా ఆయనకు అందింది. అట్లా ఒకరి నుంచి ఒకరు దొరికారు. ఆ లావుపాటామె ఇంకో సినిమాలో హాస్టలు చూసుకునే మనిషి. అందులో కాలేజీ ప్యూనుగా వేసిన ముసలాయన ఇంకో సినిమాలో తాత. మా ఆయనకు కథానాయకులతో పని లేదు. తెర అంచున నిలబడి రెండు మాటలు తెలుగులో శుభ్రంగా చెప్పి పోయేవాళ్ళే ఆయన నటులు.

మిగతావాళ్ళ మాటలు నేను చెప్పేదాన్ని. గొంతు లేకుండా పెదవులతోనే చెప్పాలి, లేకుంటే అత్తమ్మకు సినిమా వినబడదు. అందుకని తెరకు అడ్డంగా, ఆయన వైపు తిరిగి కూర్చునేదాన్ని. ఏ సినిమా అయినా నేను సగమే చూశాను. మిగతా సగం ఆయన ముఖం చూశాను. అప్పట్లో అదేమీ కష్టంగా తోచలేదు.

బాబు పుట్టాక సినిమాలకు తీరిక లేకపోయింది. వాడు పుట్టినప్పుడే పలచన. ఏడాది నిండకముందే ఒక వానాకాలం జ్వరం తగిలింది. మా చాలీలో, వరుసగా కట్టిన ఆ ఒంటి గదుల ఇళ్ళలో, నీళ్ళు బురద రంగులో వస్తున్న రోజులు అవి. ఇంటికొకరు మంచంలో ఉన్నారు. డాక్టరు మందిచ్చాడు, కొంచెం తగ్గింది. మరునాడు పొద్దున ఆయన రాత్రిపాలి దిగి వచ్చి బాబు పక్కన పడుకున్నాడు. అత్తమ్మ బజారుకు పోయింది. నేను బిందెలు తీసుకుని నీళ్ళకు పోతే ఆయన లేచి లోపల గడియ పెట్టుకుని మళ్ళీ పడుకున్నాడు. ఆ రోజు పంపు దగ్గర గొడవైంది, వరుస కదలలేదు.

తిరిగి వచ్చేసరికి మా ఖోలీ, అంటే మేముండే గది, ముందు పక్కింటావిడ తలుపు బాదుతోంది. "ఎంతసేపటి సంది ఏడుస్తున్నడు. ఇప్పుడు సప్పుడు లేదు. తలుపు తీస్తలేరు" అంది. కిటికీలోంచి కర్ర పెట్టి గడియ తీశాము. ఆయన గోడ వైపు తిరిగి నిద్రపోతున్నాడు. బాబు ఆయన వీపుకు ఆనుకుని ఉన్నాడు. ఒళ్ళు కాలిపోతోంది, కళ్ళు పైకి పోయాయి. ఫిట్స్ వచ్చి ఎంతసేపయిందో ఎవరికీ తెలియదు. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాం. సాయంత్రానికి పోయాడు.

ముందే తెస్తే బతికేవాడా అని నేను డాక్టరును అడగలేదు. మా ఆయనా అడగలేదు. సమాధి చేసి వచ్చినరోజు అత్తమ్మే అంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయిన మనిషి, కొడుకు ఎదుట కూర్చుని, "పక్కల్నే ఉంటివి గదరా" అంది. ఆ మాట బయటికి రాకున్నా ఆయన పెదవుల మీద చూశాడు.

ఆ తరువాత ఆయన తల ఎత్తి ఎవరి ముఖమూ చూడలేదు. నేల చూస్తూ తినేవాడు, నేల చూస్తూ పనికి పోయేవాడు. ఎవరి మూతీ చూడకపోతే ఆయనకు ఏ మాటా వినబడదు. అట్లా వినడం మానేశాడు. నేను అన్నం పెట్టి భుజం తట్టేదాన్ని. చెయ్యి కడుక్కుని కూర్చునేవాడు. మా మధ్య అదే మాట. ఈ లోపల మాకు బిడ్డ, ఆడపిల్ల, పుట్టింది. దాన్ని ఎత్తుకునేవాడు కాదు. అది నిద్రపోతుంటే దూరంగా కూర్చుని దాని పొట్ట లేచి పడడం చూసేవాడు. దాన్ని ఆయన దగ్గర ఒక్కదాన్నే వదిలి నేనెప్పుడూ గడప దాటలేదు. వదలమని ఆయనా అనలేదు.

బిడ్డ బడికి పోయే వయసుకు వచ్చాక పక్క ఖోలీ వాళ్ళు టీవీ కొన్నారు. ఒక శుక్రవారం మధ్యాహ్నం బిడ్డ అక్కడ కూర్చుంటే పిలవడానికి ఆయన పోయాడు. ఎంతకీ రాకపోతే నేనూ పోయాను. గుమ్మంలో నిలబడి టీవీ చూస్తున్నాడు. అదే సన్నటి మనిషి, వయసు మీరింది, జుట్టు నెరిసింది. చీర కట్టుకుని, విగ్గు పెట్టుకుని, అప్పులవాళ్ళ నుంచి తప్పించుకుని తిరిగే పిచ్చి వేషం. కొంగు కాళ్ళకు అడ్డంపడి కింద పడ్డాడు. పడి, ఒక బూతుమాటను మింగి, పెదవులతోనే దేవుడి పేరుగా మార్చేశాడు. మా ఆయన పెద్దగా నవ్వాడు. నవ్వుతూనే గుమ్మం పట్టుకుని కిందికి జారి కూర్చున్నాడు. అప్పటికి అది ఏడుపయింది. పక్కింటివాళ్ళు టీవీ ఆపారు. బిడ్డ భయపడి నన్ను పట్టుకుంది.

ఇంటికి వచ్చాక చాలా ఏళ్ళకు నా ముఖంలోకి చూశాడు. "గాయ్న ఇన్నేండ్లు ఏడ వోయిండు?" అన్నాడు.

"ఈడనే ఉన్నడు. మనమే చూడలే" అన్నాను.

బిడ్డ ఆయన చెయ్యి పట్టుకుని, "బాపూ, ఆ తాత నీకు తెలుసా?" అంది. దానికి పెదవులతో మాట్లాడడం ఎవరూ నేర్పలేదు, మమ్మల్ని చూసే నేర్చుకుంది. ఆయన దానికి పోస్ట్‌మన్ సినిమా కథ చెప్పాడు. ఆ రోజు నుంచి కొన్నేళ్ళు మేము మళ్ళీ సినిమాలు చూశాం. ఒక పాత టీవీ కొన్నాం. తెరకు అడ్డంగా కూర్చునే పని బిడ్డ తీసుకుంది. కథానాయికలు ఏ భాషలో నోరు కదుపుతున్నారో తండ్రీ కూతుళ్ళు పందెం వేసుకునేవారు. బాబు సంగతి మాత్రం ఆయన ఎత్తేవాడు కాదు. జ్వరంతో పోయిన అన్న ఒకడున్నాడని బిడ్డకు తెలుసు. అంతే తెలుసు.

సాంచెలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మా సేఠ్ తనవి తుక్కు కింద తూకానికి అమ్మేశాడు. సుత్తెలతో విరగగొట్టి టెంపోలో వేస్తుంటే ఆయన పోయి చూసి వచ్చాడు. తరువాత అంజూర్ ఫాటా కూడలి దగ్గర ఒక గోదాంలో బండ్ల నుంచి పెట్టెలు దించే పనికి కుదిరాడు. చేరేముందు నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. "చెవుల సంగతి ఆడ ఎవ్వలకు చెప్పకు. చెవుడంటె పని ఇయ్యరు."

"బండ్లు తిరుగుతయి గదా. ఎట్ల?"

"కండ్లున్నయి గద" అన్నాడు.

రెండేళ్ళు కళ్ళతోనే నెట్టుకొచ్చాడు. ఒక మధ్యాహ్నం పెట్టె భుజాన పెట్టుకుని నడుస్తుంటే వెనక్కు వస్తున్న లారీ తగిలి గోడకు నొక్కింది. డ్రైవరు హారన్ కొట్టాడట, క్లీనరు అరిచాడట. నేను పోయేసరికి అక్కడున్న ప్రతివాడూ అదే చెప్పాడు, ఎంత అరిచినా జరగలేదని. కాంట్రాక్టరు ఆసుపత్రి దాకా వచ్చి, "చెవుడని ముందే చెప్పాల్సింది, మేమేం చేస్తాం" అని వెళ్ళిపోయాడు. మళ్ళీ కనబడలేదు.

కాలు తీసేశారు. అయినా విషం లోపలికి పాకింది. ఠాణా పట్నంలో ఒక ఆసుపత్రికి మార్చారు. ఆ వార్డులో డాక్టర్లు, నర్సులు, ఊడ్చేవాళ్ళు, అందరి ముఖాలకూ మాస్కులే. ఎవరేమంటున్నారో ఆయనకు తెలిసే దారి లేదు. సూది ఎందుకు గుచ్చుతున్నారో, కట్టు ఎందుకు విప్పుతున్నారో తెలియక ప్రతిసారీ చేతులు అడ్డం పెట్టేవాడు. మొండి పేషెంటని అనుకున్నారు. నన్ను లోపలికి పోనిచ్చినప్పుడల్లా మాస్కు కిందికి లాగి చెప్పేదాన్ని. నర్సు కేకలేసేది. పాపం ఆమె తప్పు కాదు, అక్కడి నియమం అది. మళ్ళీ పైకి లాక్కునేదాన్ని. మాట మధ్యలో తెగిపోయేది.

చివరి రోజుల్లో జ్వరంలోనే ఉండేవాడు. ఒక సాయంత్రం కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టాడు. ఆ పెద్ద గొంతుతోనే, వార్డంతా వినేటట్టు అడిగాడు.

"సర్కస్ సినిమా యాదికున్నదా?"

సర్కస్ సినిమా ఏదీ మేము చూడలేదు. మంచానికి ఇంకా దగ్గరగా జరిగాను.

"తాగుబోతాయ్న జోకర్ వేషమేసిండు. ఏనుగు మీదికెల్లి పడ్డడు. బాబు నా ఒళ్ళె కూసుండె. సప్పట్లు కొట్టిండు."

నేను మాస్కు తీశాను. నర్సు చూస్తోంది, ఈసారి ఏమీ అనలేదు.

"యాదికున్నది" అన్నాను.

"పోస్ట్‌మన్ సినిమాకు ముందుగాలనా, తర్వాతనా?"

"తర్వాత."

"అవ్, తర్వాతనే" అన్నాడు. కాసేపు అట్లాగే నా నోటి వైపు చూశాడు, ఇంకేమైనా చెబుతానేమోనని. కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ నాతో మాట్లాడలేదు. రెండు రోజులకు పోయాడు.

మట్టి చేసిన తరువాత కొన్నాళ్ళు ఇల్లంతా మనుషులు. అందరూ పోయాక నేను, అత్తమ్మ, బిడ్డ మిగిలాం. అత్తమ్మ ఎక్కువగా పడుకునే ఉంటుంది. బిడ్డ కళ్యాణ్‌లో ఒక మందుల దుకాణంలో పనిచేస్తోంది. నేను ఇంకో గోదాంలో బట్టలు మడతపెట్టి ప్యాక్ చేసే పనికి పోతున్నాను. మొన్నటి ఆదివారం బిడ్డా నేనూ వరాలా తలావ్ చెరువు గట్టు మీద కూర్చున్నాం. అది ఫోన్లో ఏదో వెతుకుతోంది.

"ఆ సర్కస్ పిక్చర్ మిళత్ నాహీ అమ్మా. ఎంత దేవులాడినా లేదు. పేరేంది దాని?"

ఆసుపత్రిలో తండ్రి అన్న మాటలు అది కూడా విన్నదని నాకు అప్పుడు తెలిసింది. వార్డు తలుపు దగ్గరే నిలబడి ఉందట.

"అట్లాంటి సినిమా లేదు బిడ్డా" అన్నాను.

"మరి అన్న సప్పట్లు కొట్టిండన్నడు గదా."

"మీ అన్న ఏ సినిమా చూడలే."

అది ఫోను పక్కన పెట్టింది. ఇక దాచి ఏం చేస్తానని మొత్తం చెప్పాను. నీళ్ళకు పోవడం, తలుపు గడియ, ఆయన గోడ వైపు తిరిగి పడుకోవడం. నా నోటితో ఆ సంగతి అంతా వరుసగా చెప్పడం అదే మొదటిసారి. అది మధ్యలో ఎక్కడా ఆపలేదు.

"బాపుకు అసలుకే వినవడలేదా?"

"లేదు."

"నీకు బాపు మీద కోపం రాలేదా?"

"వచ్చింది. శాన వచ్చింది."

"చెప్పినవా మరి?"

"ఎట్ల చెప్త? నా మొకం దిక్కు చూస్తనే లేకుండె."

అది నా చెయ్యి పట్టుకుని నీళ్ళ వైపు చూస్తూ కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. అత్తమ్మకు మందు వేసే వేళయింది. లేచి రోడ్డు మీదికి వచ్చాం. ఆదివారం కావడంతో ఆటోలన్నీ నిండిపోయి పోతున్నాయి. కాసేపు నిలబడి చూసి, ఇద్దరం నడక మొదలుపెట్టాం.